అమ్మవారిని వెళ్లగొట్టిన గోలీ

నిన్న పొద్దున కరెంటు వాళ్లు వచ్చి, తీగలకు తగులుతున్నాయని మా వీధిలోని వేపకొమ్మలు నరికి రోడ్డు పక్కన కుప్పపోసి పోయారు. మధ్యాహ్నం ఒక జల్లు పడింది. సాయంత్రం తలుపు తీసేసరికి ఆ తడి ఆకుల వాసన పచ్చిగా, చేదుగా, గొంతులోకి దిగేటంత దగ్గరగా ఇంట్లోకి వచ్చింది. వేప వాసన చాలామందికి ఆరోగ్యాన్ని గుర్తు చేస్తుందంటారు. నాకు అసూయను గుర్తు చేస్తుంది. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, అందులోనూ ఒకప్పుడు పదకొండు ఊళ్ల మీద పెత్తనం చేసిన ఇంటి వారసుడు, సొంత చెల్లెలి మీద అసూయపడ్డానని కాగితం మీద పెట్టడం మర్యాద కాదని నాకు తెలుసు. మా వంశంలో తమ తప్పు తామే రాసిపెట్టినవాళ్లు లేరు. ఇతరుల తప్పులు రాయించినవాళ్లే ఉన్నారు. నేను రాస్తున్నాను.

మా ఊరు మెట్‌పల్లికి అవతల, బండిమీద పూటంతా పోవాల్సిన దూరంలో ఉంటుంది. అక్కడి గడిలోనే, అంటే మా కోటలాంటి ఇంట్లోనే, పుట్టాను గానీ గడిని చూసిన జ్ఞాపకం నాకు లేదు. పోలీసు యాక్షన్ జరిగిన రెండేళ్లకే భూములు, దేశ్‌ముఖీ, ఎడ్లు, మనుషులు అన్నీ ఒకదాని వెనుక ఒకటి పోయాయి. గడిలో సర్కారు వాళ్లు బడి పెట్టారు. మేము ఐదుగురం, అంటే బాపు, మేము అవ్వ అని పిలిచే మా అమ్మ, నాయనమ్మ, నేను, ఇంకా పాలు మరువని నా చెల్లెలు రుక్మిణి, మంచిర్యాలకు వచ్చి రైలు స్టేషను వెనుక ఒక పెంకుటింట్లో రెండు గదుల్లో చేరాం. ఇంటావిడ ముసల్మాను. ఆమె భర్త బజారులో బట్టల దుకాణం నడిపేవాడు. అందరూ ఆమెను ఖాలా అనేవారు, మేమూ అలాగే పిలిచేవాళ్లం. బాపు కలప డిపోలో పనికి కుదిరాడు. అడవి నుంచి వచ్చిన టేకు దుంగల మీద సుత్తెతో ముద్ర వేయించడం ఆయన పని. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆయన చొక్కాకు టేకు పొట్టు వాసన ఉండేది. అడిగినవాళ్లకు నాయనమ్మ మాత్రం, "మా కొడుకు అడివి చూసుకుంటడు" అని చెప్పేది.

గడి నుంచి నాయనమ్మ రెండే వస్తువులు వెంట తెచ్చుకుంది. ఒకటి మా తాత దసరానాడు కట్టుకునే జరీ రుమాలు, ఎర్ర పట్టు మీద బంగారు తీగ నేసిన తలపాగా. రెండోది గడి తాళంచెవుల గుత్తి. ఇరవై దాకా ఇనుప చెవులు, కొన్ని నా జానెడు పొడుగువి. అవి తెరిచే తలుపుల్లో కొన్నింటికి బడివాళ్లు కొత్త తాళాలు వేసుకున్నారు, కొన్నింటిని పొయ్యిలో పెట్టుకున్నారు. అయినా నాయనమ్మ ఆ గుత్తిని నడుముకు దోపుకుని గలగలమంటూ రెండు గదుల్లో తిరిగేది. "ఇవి నీయే బిడ్డా, నా తర్వాత నీ చేతికే" అని నాతో అనేది. నేను నమ్మాను. స్టేషను పిల్లలతో చిర్రగోనె ఆడుతున్నప్పుడు కూడా నా చేతికి ఆ గుత్తి రాబోతోందన్న ఎరుకతోనే ఆడాను.

ఆ గుత్తి నా కంటే ముందు రుక్కు చేతికి పోయింది.

కొత్త రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు, అంటే యాభై ఏడు. నాకు పదేళ్లు, రుక్కుకు ఏడు. ముసురు పట్టిన ఒక శ్రావణ మాసపు పొద్దున రుక్కు అరుగు మీద గచ్చకాయలు ఆడుతూ, పైకి ఎగరేసిన కాయను పట్టుకోకుండానే పక్కకు ఒరిగింది. కళ్లు పైకి తేలిపోయాయి, కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి, నోట నురగ వచ్చింది. మూర్ఛ వచ్చినవాళ్ల చేతిలో ఇనుము పెట్టాలంటారు. నాయనమ్మ నడుము నుంచి గుత్తి లాగి రుక్కు పిడికిట్లో పెట్టి బిగించి పట్టుకుంది. కొట్టుకుంటున్న ఆ చిన్న చేతిలో గడి తాళంచెవులన్నీ గలగలలాడాయి. అవ్వ ఏడుస్తోంది, ఖాలా గోడ అవతల నుంచి పరుగెత్తుకొచ్చింది. నేను మాత్రం ఆ గుత్తినే చూస్తూ నిలబడ్డాను. నాకు గుర్తున్నంతవరకు అదే నా మొదటి అసూయ.

ఆ తర్వాత అన్నీ ఆమెకే. నెలలో నాలుగైదుసార్లు మూర్ఛ వచ్చేది. వచ్చినప్పుడల్లా బేకరీ డబల్‌రొట్టె, మేక పాలు, అవ్వ ఒడి. నా కాలికి మేకు దిగి చీము పట్టినా, "పసుపు అద్దుకో పో" అన్నారు తప్ప ఎవరూ లేచి చూడలేదు. భాద్రపదంలో బాపు రుక్కును రైల్లో పట్నం తీసుకుపోయాడు. నేనూ వస్తానంటే, "నీకేం రోగం?" అన్నాడు. నాకు ఏ రోగమూ లేకపోవడం గురించి ఆ మూడు రోజులూ బాధపడ్డాను. తిరిగి వచ్చాక రుక్కు రెండంతస్తుల బస్సు గురించి, ఉప్పగా తియ్యగా ఉండే బిస్కెట్ల గురించి, డాక్టరు మోకాలి మీద చిన్న సుత్తెతో కొట్టడం గురించి వారం రోజులు చెప్పింది. పట్నం నుంచి ఒక మందు సీసా కూడా వచ్చింది. దాని నిండా తెల్లటి గొట్టం గోలీలు, ఒక్కోదానికి నడుమ నారింజ రంగు గీత. బాపు ఆ సీసాను గోడ గూట్లో పైన పెట్టి, పొద్దున ఒకటి, పొద్దుగూకినాక ఒకటి స్వయంగా తన చేత్తో వేసేవాడు. వేసేటప్పుడు, "నా బంగారు తల్లీ, ఒక్క గుటక" అనేవాడు. బాపు నోట ఆ మాట నా విషయంలో ఎన్నడూ వినలేదు.

మూర్ఛలు ఆగాయి. రెండు వారాల పాటు ఒక్కటీ రాలేదు. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది.

మూడో వారంలో బతుకమ్మ మొదలైంది. ఆ రోజుల మంచిర్యాల ఇప్పటివాళ్లకు ఎలా చెప్పాలో తెలియదు. రైలు పట్టాల పక్కన బొగ్గు మసి మీద పసుపు పచ్చగా విరగబూసిన తంగేడు, డిపో వెనుక బీడంతా తెల్లగా గునుగు పూలు, ఆ గునుగు మొనలకు ఆకుపచ్చా గులాబీ రంగులు అద్దుకుని వేళ్లన్నీ రంగైన ఆడపిల్లలు, నువ్వులు వేయించే వాసన, పెసలు దంచే చప్పుడు, గోదావరి రేవు దాకా తాంబాలాలు మోసుకుపోయే మనుషులు, వాళ్ల వెనుక గనుల ఊళ్ల నుంచి రైలు దిగి వచ్చే బొగ్గు పనివాళ్ల కుటుంబాలు. మొదటి రోజు పొద్దున అవ్వ రుక్కుకు తల దువ్వుతూ ఆగిపోయింది. మెడ మీద, ఛాతీ మీద, చెవుల వెనుక ఎర్రటి దద్దుర్లు. ఒళ్లు కాలుతోంది. మొహం ఉబ్బింది.

నాయనమ్మ చూసింది, చేతులు జోడించింది. "అమ్మవారు పోసింది" అంది.

ఖాలా గడప బయటే నిలబడి, "దొరసానమ్మా, జర సోంచాయించుండ్రి. గా అమ్మవారు ఎండకాలం వస్తది గదా. మా గల్లీల ఒక్క పోరనికి గూడ లేదు. దసరాల ఎట్ల వచ్చిందమ్మా?" అని అడిగింది.

నాయనమ్మ నడుము నిటారుగా చేసి, "నీకు తెల్వది. మా ఊళ్లె ఆ తల్లికి మొదటి బోనం మా గడి నుంచే పోయేది. ఏడేండ్ల సంది బోనం లేక మమ్ముల దేవులాడుకుంట వచ్చింది. మా ఇంటికి వచ్చుటానికి ఆమెకు ఎండకాలమేంది, వానకాలమేంది?" అంది.

ఇప్పుడు తలుచుకుంటే మా పొరపాటంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. ఎక్కడో ఊరి చివర పోచమ్మ గుడి, మేమేమో రైలు స్టేషను వెనుక అద్దె గదుల్లో. అయినా ఆ తల్లి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చిందంటే మేమింకా పెద్దింటివాళ్లమే. నాయనమ్మ మొహంలో ఆ రోజు దిగులు కంటే గౌరవమే ఎక్కువ కనబడింది. చదువుకున్న బాపు కూడా కాదనలేదు. ఆయనకూ ఆ మాట కావలసి వచ్చిందేమో.

అమ్మవారు ఉన్న ఇంట్లో మందు పెట్టకూడదు. మర్నాటి నుంచి గూట్లో సీసా గూట్లోనే ఉండిపోయింది. తాలింపు బంద్, దువ్వెన బంద్, చీపురు బంద్. గుమ్మానికి వేపకొమ్మలు, పక్క మీద వేపాకు, నీళ్లలో వేపాకు, విసరడానికి వేప రెమ్మ. ఇల్లంతా ఆ చేదు వాసన, దాని నడుమ నా చెల్లెలు. బాపు గడ్డం గీసుకోవడం మానేశాడు. పొద్దున లేచి నాయనమ్మ రుక్కు పాదాల దగ్గర పెరుగన్నం పెట్టి వంగి దండం పెట్టేది. కలెక్టరు వచ్చినా కుర్చీలోంచి లేవలేదని చెప్పుకునే నాయనమ్మ! "చల్లగ చూడు తల్లీ, ఏం గావాలె చెప్పు" అని అడిగేది. పిల్ల నోట ఏ మాట వచ్చినా అది అమ్మ అడిగినట్టే, తీర్చాల్సిందే. రుక్కు మొదట కొబ్బరినీళ్లు అడిగింది. తర్వాత మలీద ముద్దలు అడిగింది. జొన్నరొట్టె నలిపి, బెల్లం, నెయ్యి కలిపి ముద్దలు కట్టి ఆమెకు పెట్టారు; ఆమె మిగిల్చినదే నాకు. ఏడో రోజున మంచం మీద కూర్చుని అటూ ఇటూ చూసి, "నాయనమ్మా, నాకు తాత రుమాలు గావాలె" అంది.

నాయనమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పెట్టె తెరిచి ఎర్ర రుమాలు తీసి రుక్కు తలకు చుట్టింది.

ఆ దసరాకు రుమాలు నేను కట్టుకోవలసింది. పదేళ్లు నిండితే కడతానని నాయనమ్మ రెండేళ్లుగా చెబుతోంది. ఆ రుమాలు కట్టుకుని జమ్మి దగ్గరకు పోవాలి, మా ఊరి నుంచి వచ్చి గనుల్లో పనిచేస్తున్నవాళ్లు నన్ను చూసి, 'దొర మనుమడు' అనాలి. ఆ ఒక్క పూట కోసం నేను ఏడాదంతా రోజులు లెక్కబెట్టాను. "నాయనమ్మా, అది నాది" అన్నాను.

"లెంపలేసుకో! అడిగింది రుక్కి గాదు, అమ్మ. అమ్మ ఇంట్ల ఉన్నన్ని దినాలు దసరా లేదు, జమ్మి లేదు. పదకొండు దినాలైనంక నీళ్లు వోసి సాగనంపుత" అంది.

పదకొండు రోజులంటే దసరా దాటిపోతుంది. అప్పటికే రుక్కుకు జ్వరం పోయింది, దద్దుర్లు వాడిపోయి గోధుమ రంగుకు తిరిగాయి, ఆకలి వేస్తోంది, పక్క మీద కూర్చుని నాకు నాలుక చూపిస్తోంది. ఇంకా దేవత ఎక్కడుందని నాకు కోపం. ఆ మధ్యాహ్నం నాయనమ్మ అవ్వతో అంటుండగా విన్నాను: "మందు సీసా దిక్కు చూడకు బిడ్డా. మందు వడ్డదంటే అమ్మ ఇంట్ల నిలువది. అలిగి వెళ్లిపోతది."

అలిగి వెళ్లిపోతుంది. ఆ మాట నాకు దారి చూపింది.

మర్నాటి పొద్దున, పండుగ ఆఖరి రోజైన సద్దుల బతుకమ్మకు ముందు రోజు, అవ్వ బావి దగ్గర ఉంది, నాయనమ్మ జపంలో ఉంది, బాపు డిపోకు పోయాడు. పీట వేసుకుని గూట్లోంచి సీసా దించాను. ఒక గోలీ తీసి మలీద ముద్ద నడుమ గుచ్చి మళ్లీ గుండ్రంగా చేశాను. రుక్కు రుమాలు చుట్టుకుని వేపాకుల మధ్య పడుకుని ఉంది. "తిను" అని నా చేత్తో నోట్లో పెట్టాను. ఆమె నా మొహంలోకి చూసింది, నమిలింది, ఒకసారి ఆగింది, మింగింది. నేను సీసా ఎప్పటిలాగే పెట్టేసి, చేతులు కడుక్కుని, అమ్మవారు ఎప్పుడు వెళ్తుందా అని అరుగు మీద కూర్చున్నాను.

ఆమె వెళ్లలేదు. తెల్లారేసరికి రుక్కు కళ్లు ఎర్రగా వాచి మూసుకుపోయాయి. పెదవులు పగిలి రక్తం, నోటి నిండా పొక్కులు. నీళ్లు మింగలేక ఏడ్చింది. ఈసారి దద్దుర్లు విడివిడిగా లేవు. ఛాతీ, వీపు, చేతులు అంతా ఒకటే ముదురు ఎరుపు, కాలిన ఒంటిలాగా. సాయంత్రానికి అక్కడక్కడ నీటి బుడగలు లేచాయి. అవ్వ రుక్కు చెయ్యి పట్టి పక్కకు జరపబోతే చర్మం అరటిపండు తొక్కలా జారి అవ్వ వేళ్లకు అంటుకుంది.

"ఎవరో తాలింపు వేసిండ్రు! అమ్మకు కోపమొచ్చింది" అని నాయనమ్మ కేక వేసింది. అందరి చూపూ గోడ అవతలికి పోయింది. ఉల్లిగడ్డ వేయించకుండా తురకల ఇంట్లో పూట గడుస్తుందా అన్నది నాయనమ్మ లెక్క. ఆ మాటే బిగ్గరగా అంది కూడా.

ఖాలా గడప దగ్గరికి వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అల్లా మీద ఆన దొరసానమ్మా, మీ పోరికి అయిన దినం సంది మా పొయ్యి మీద తాలింపు ఎయ్యలే. మా ఆయన పరేషాన్ అయితుండు, సప్పటి పప్పు తినలేక. మీ అమ్మవారు మాకు పరాయిదా?" అంది. ఆమె కళ్ల వెంట నీళ్లు కారాయి. నాయనమ్మ మొహం తిప్పుకుంది. నేను తలుపు చాటున నిలబడ్డాను. ఒక్క మాట చెబితే ఖాలా మీద నింద పోతుంది. చెప్పలేదు. సిగ్గు ఉందో లేదో గుర్తు లేదు. ఇంకోటి మాత్రం గుర్తుంది, దాన్ని దాచను: ఇంత పని నేను చేస్తే పేరు ఖాలాకు పోయిందే అని కూడా అనిపించింది.

దసరా పొద్దున రుక్కుకు మళ్లీ మూర్ఛ వచ్చింది, వెంటవెంటనే రెండుసార్లు. గుత్తి పట్టుకోవడానికి ఆమె అరచేతికి చర్మం లేదు. బాపు మెత్తటి ధోవతి పరిచి, దాని మీద రుక్కును ఎత్తుకున్నాడు. నాయనమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"అమ్మను గడప దాటిస్తవా?"

"అమ్మ ఉంటే ఉంటది, పోతే పోతది. బిడ్డ ఉండాలె గదా అవ్వా" అన్నాడు బాపు. ఆయన తల్లికి ఎదురు చెప్పడం నేను వినడం అదే మొదటిసారి.

గనుల ఊళ్లో పెద్ద దవాఖాన ఉందని, రైల్లో పోతే గంటలోపే అని ఖాలా చెప్పింది. నీళ్ల చెంబు పట్టుకోవడానికి నన్నూ రమ్మన్నారు. నిజం చెబుతున్నాను, రైలెక్కుతున్నానని నాకు లోలోపల సంతోషమైంది. డబ్బా నిండా కొత్త బట్టలవాళ్లు, చేతుల్లో జమ్మి ఆకు, కొత్త బట్టల గంజి వాసన, అరిటాకుల్లో కట్టిన పిండివంటలు. రుక్కును చూడగానే కొంగులూ కండువాలూ ముక్కులకు అడ్డం పెట్టుకుని అందరూ అవతలికి జరిగారు. మాకు బల్ల మొత్తం ఖాళీ అయింది. మా తాత వస్తుంటే జనం ఇలాగే తప్పుకునేవారని నాయనమ్మ చెప్పేది. ఆ రైలు డబ్బాలో వీపు నిలువుగా పెట్టి, జనం మాకు దారి ఇచ్చారన్నట్టు కూర్చున్నాను. నా పక్కన నా చెల్లెలు నోరు మూయలేక గొంతులో నీళ్లు గరగరలాడిస్తూ మూలుగుతోంది.

దవాఖాన డాక్టరు కోస్తా మనిషి, కొత్తగా వచ్చినవాడు. రుక్కును చూసి మొహం చిట్లించాడు. పెదవులు, కళ్లు, చర్మం నెమ్మదిగా పరీక్షించాడు. "ఏమయ్యా, ఈ పిల్లకు ఈమధ్య ఏ మందులిచ్చారు?"

బాపును 'ఏమయ్యా' అన్నవాళ్లను అంతకుముందు చూడలేదు. బాపు అదేమీ పట్టించుకోలేదు. "మూర్ఛ గోలీలు సార్. అమ్మవారు పోసిన తెల్లారి నుంచి బంద్ పెట్టినం. వారమైతుంది."

"ఖచ్చితంగా మానేశారా? మొన్నగానీ నిన్నగానీ ఒక్కటైనా ఇవ్వలేదు కదా? బాగా గుర్తు తెచ్చుకో. కొందరి ఒంటికి ఆ మందు పడదు. అలా పడనివాళ్లకు ఇస్తే ఇలాగే అవుతుంది."

బాపు నడుము నిటారుగా చేశాడు. "మా ఇంట్ల అబద్ధం చెప్పే అలవాటు లేదు సార్. ఒక్కటి గూడ ఇయ్యలే."

డాక్టరు మళ్లీ పిల్ల చర్మం చూశాడు. వారం కింద ఆపిన మందు నిన్న ఇంత పని చేయదు కదా అనుకున్నాడేమో, "అయితే ఇది వేరే ఏదో" అన్నాడు. అప్పుడే రుక్కు కాళ్లు మళ్లీ బిగుసుకోవడం మొదలైంది. "ముందు మూర్ఛ ఆపాలి. మందు ఆపినందుకే తిరగబెట్టింది" అని నర్సుకు ఏదో చెప్పాడు. ఆమె లోపలికి పోయి, ఒక చెంచాలో తేనె, ఇంకో చేతిలో ఒక గోలీ పట్టుకుని వచ్చింది. తెల్లటి గోలీ, నడుమ నారింజ గీత. రెండు వేళ్లతో గొట్టాన్ని విడదీసి పొడిని తేనెలో వేయబోతోంది.

'పడదు' అన్న మాట నాకు బాగా తెలిసిన మాట. అన్నకూ చెల్లెకూ ఒక్క గడియ పడది అని అవ్వ రోజుకు పదిసార్లు అనేది. మనుషులకే పడకపోవడం ఉంటుందనుకున్నాను; మందుకూ మనిషికీ కూడా పడకపోవడం ఉంటుందని ఆ నిమిషంలోనే తెలిసింది. ఆమెకు పడనివాళ్లం ఇద్దరం, నేనూ ఆ గోలీ, కలిసి ఆమెను ఇంత చేశామని కూడా తెలిసింది. నోరు తెరిస్తే బాపు ఇచ్చిన మాట అబద్ధమవుతుంది. తెరవకపోతే ఆ చెంచా ఆమె నోట్లోకి పోతుంది.

"ఇయ్యకుండ్రి!" అన్నాను. గొంతు అరుపులా వచ్చింది. "మొన్న నేను ఇచ్చిన. మలీద ముద్దల పెట్టి ఇచ్చిన."

బాపు నా వైపు తిరిగాడు. "ఏందిరా నువ్వనేది?"

"అమ్మవారు పోవాలని ఇచ్చిన బాపూ. రుమాలు నాకు గావాలె. మందు వడితే అలిగి పోతదని నాయనమ్మ అన్నది."

డాక్టరు నా ముందు గొంతు కూర్చున్నాడు. "ఎప్పుడిచ్చావు బాబూ?"

"సద్దులకు ముందు దినం. పొద్దుగాల."

"ఒంటికి ఇలా ఎప్పుడైంది?"

"తెల్లారి."

డాక్టరు లేచి నర్సు చేతిలోని చెంచా తీసుకుని, కిటికీలోంచి బయటికి ఒంపేసి, మొదట వచ్చిన దద్దుర్లు కూడా అమ్మవారు కాదు, ఈ గోలీల పనే అన్నాడు. తర్వాత వేరే సూది మందు ఏదో రాశాడు, కాలిన ఒంటికి చేసినట్టే చేయాలన్నాడు. నేను చెంపదెబ్బ కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను. బాపు నన్ను కొట్టలేదు. డాక్టరుతో, "తప్పు నాది సార్. తండ్రి ఇచ్చిండని రాసుకొండ్రి" అన్నాడు. నాతో, "గీ మాట గీ గది దాటొద్దు" అన్నాడు. కాగితం మీద ఆయన చెప్పినట్టే ఎక్కింది. నా తప్పు కూడా నాకు దక్కలేదు.

దీపావళి దాటేదాకా మేము ఆ దవాఖానలో ఉన్నాం. రుక్కును అరటి ఆకుల మీద పడుకోబెట్టారు, గుడ్డైతే ఒంటికి అంటుకుంటుందని. రోజూ లేత ఆకులు కావాలి. మా ఊరి నుంచి వచ్చి గనుల్లో చేరినవాళ్లు ఎక్కడెక్కడి పెరళ్లో వెతికి, పని దిగి బొగ్గు మొహాలతోనే మోపులు మోసుకొచ్చి వరండాలో పెట్టిపోయేవారు. ఎవరూ నన్ను 'దొర మనుమడు' అనలేదు. "చెల్లె ఎట్లుందిరా?" అని అడిగారు. నేను వాళ్ల భార్యల పక్కన నేల మీద కూర్చుని, వాళ్లు పెట్టిన జొన్న గటక తిన్నాను. పదో రోజు దాకా డాక్టరు బతుకుతుందని చెప్పలేదు. తర్వాత చర్మం పాము కుబుసంలా పోయి కింద కొత్తది వచ్చింది. గోళ్లు ఊడి మళ్లీ వచ్చాయి. రానివి కన్నీళ్లే. కళ్లలో నీరు ఊరే చోటు మాడిపోయిందని డాక్టరు చెప్పాడు. ఎండలోకి వస్తే కళ్లు మండేవి, ఏడిస్తే గొంతు మాత్రమే ఏడ్చేది.

వచ్చేటప్పుడు డాక్టరు ఒక చీటీ మీద ఎర్ర సిరాతో మందు పేరు రాసి, ఇది ఈమెకు జన్మలో పడదు, ఈ చీటీ ఎప్పుడూ ఒంటి మీదనే ఉండాలి అన్నాడు. ఆ మాట నాయనమ్మకు బాగా అర్థమైంది. నా వెండి మొలతాడు కరిగించి తాయెత్తు చేయించింది. చీటీని మడిచి అందులో పెట్టి లక్కతో మూయించి, పసుపు దారంతో రుక్కు మెడకు కట్టింది. మంత్రం ఉండాల్సిన చోట మందు పేరు ఉన్న తాయెత్తు మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా ఉండి ఉండదు. చాలా ఏళ్ల తర్వాత, కాన్పు ముందు జగిత్యాల దవాఖానలో ఆమెకు మూర్ఛ వచ్చినప్పుడు, ఆ తాయెత్తు పగలగొట్టి చూసే సరైన మందు ఇచ్చారు. నాయనమ్మ మాత్రం చనిపోయేదాకా, అమ్మవారు అలిగినా చివరికి కరుణించిందనే చెప్పేది. ఖాలాను ఆమె క్షమాపణ అడగలేదు. బాపు అడిగాడు. ఇంటికి వచ్చిన రోజే ఆమె గడప ముందు నిలబడి చేతులు జోడించాడు. ఆమె కంగారుపడి, "అరె, ఫికర్ చెయ్యకుండ్రి పటేలా, పోరి బతికొచ్చింది, చాలు" అంటూ లోపలికి పోయి, ఆ సాయంత్రమే ఉల్లిగడ్డ తాలింపు వేసింది. గల్లీ అంతా ఆ వాసన. నాయనమ్మ కూడా ఏమీ అనలేదు.

పోయిన నెల రుక్కు మనవరాలికి బాసరలో అక్షరాభ్యాసం చేయించారు. నన్నూ పిలిచారు. పని అయ్యాక మేమిద్దరం గోదావరి మెట్ల మీద కూర్చున్నాం. ఆమె నల్ల కళ్లద్దాలు తీసి, సంచీలోంచి చుక్కల మందు తీసి కళ్లలో వేసుకుంది, గంటకోసారి వేసుకోవాలి. బాపు లేడు, అవ్వ లేదు. చెప్పకపోతే ఇక చెప్పలేనేమో అనిపించింది. చెప్పాను, గోలీ సంగతి, రుమాలు సంగతి, అంతా.

ఆమె నీళ్ల వైపే చూస్తూ, "గది నాకు ఎప్పుడో తెలుసన్నా" అంది.

"బాపు చెప్పిండా?"

"బాపు పానం పోయేదాంక తనే ఇచ్చిన్నని అన్నడు. బెల్లంల గంత చేదు కలిస్తే నాకు తెల్వదా? నోట్లె వడంగనే తెలిసింది."

"మరి ఎందుకు మింగినవే?"

నవ్వింది. "నువ్వు ఎన్నడన్న నాకు నీ చేత్తోని పెట్టినవా? ఉమ్మేస్తే మల్ల పెట్టవని మింగిన."

ఆ అమ్మవారు, అంటే మశూచి, ఇప్పుడు భూమ్మీదే లేదంటారు. మా గడి గోడలు కూడా లేవు, బడివాళ్లు సిమెంటు గదులు కట్టుకున్నారు. స్టేషను వెనుక ఖాలా ఇల్లు కొత్త పట్టాల కింద పోయింది. పిల్లకు ఒళ్లు వేడెక్కితే పక్కింటివాళ్లు తాలింపు మానేసే వీధి ఎక్కడైనా మిగిలి ఉందేమో నాకు తెలియదు. ఇన్ని పోయాక నాదని చెప్పుకోవడానికి నేను దాచుకున్నది ఆ ఒక్క రహస్యమే. అదీ మొదటి నుంచీ ఆమె దగ్గరే ఉంది. నేను తల తిప్పుకున్నాను గానీ కళ్ల వెంట నీళ్లు ఆగలేదు, చొక్కా మీద పడ్డాయి.

రుక్కు నల్లద్దాలు పెట్టుకోకుండా వంగి నా చొక్కా మీది తడిని చూసింది. తర్వాత మెల్లగా, "నీకు ఇంకా వస్తున్నయా అన్నా?" అని అడిగింది.

ఆ గొంతులో ఉన్నదేమిటో నేను వెంటనే గుర్తుపట్టాను. దాదాపు డెబ్బై ఏళ్లు దాన్ని మోసినవాణ్ణి నేను.